హైబ్రిడ్ కారు మైలేజీ: కారు గొప్పా, నడిపేవారి పాదం గొప్పా?

పెన్నాతీరం (నెల్లూరు):

మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో హైబ్రిడ్ కార్లు కొన్నవారందరికీ ఎదురవుతున్న ప్రశ్న కాబట్టి దీన్ని చర్చకు పెడుతున్నాను. నాది టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు, కొంతసేపు తానొక్కటే కారును నడపగల విద్యుత్ మోటారు కూడా ఉన్నది. ప్రామాణిక పరీక్షలో లీటరుకు 27.97 కిలోమీటర్లు వచ్చాయని కంపెనీ ప్రకటించింది. మా మాగుంట లేఅవుట్‌లో ఇదే కారు మరో ఇద్దరికి ఉంది. ముగ్గురం దాదాపు అవే వీధుల్లో తిరుగుతున్నా, మాకు వస్తున్న మైలేజీల మధ్య తేడా చిన్నదేమీ కాదు. కాబట్టి హైబ్రిడ్‌లో పెట్రోలు ఆదా అనేది కారుతో పాటు షోరూములో చేతికిచ్చేది కాదని, నేర్చుకుని రాబట్టుకోవలసినదని నా వాదన. యాక్సిలరేటర్‌ను మునివేళ్లతో తొక్కినట్టుగా తొక్కుతూ, ఇంజిన్ ఆగిపోయి మోటారుతోనే కారు నడిచే సమయాన్ని వీలైనంత పెంచుకుంటే ఆ ప్రకటించిన అంకెకు దగ్గరగా చేరవచ్చునని నమ్ముతున్నాను. ఆ ఇద్దరిలో ఒకరు మాత్రం, కంప్యూటరు చేసుకునే పనిలో మనం వేలు పెట్టడమెందుకని కొట్టిపారేస్తున్నారు. అనుభవమున్నవారు చెప్పగలరు.

కావలి బాటసారి:

పెన్నాతీరం గారూ, నేర్చుకోవలసినది ఉందన్న మాట ఒప్పుకుంటాను. మీరు నేర్చుకోమంటున్నదాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఇంజిన్ ఆగి మోటారుతోనే నడుస్తున్నప్పుడు డాష్‌బోర్డు మీద కనిపించే ఈవీ దీపం వెలుగుతున్నంతసేపూ కారు ఉచితంగా నడుస్తున్నట్టు అనిపించడం సహజమే. అయితే మన కార్లకు ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్ లేదు. బ్యాటరీలోకి చేరే విద్యుత్తంతా ట్యాంకులోని పెట్రోలు నుంచి పుట్టినదే. అందులో కొంత ఇంజిన్ జనరేటర్‌ను తిప్పినప్పుడు వచ్చినది; మిగిలినది, పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగాన్ని బ్రేకు వేసేటప్పుడు తిరిగి పట్టుకోగా వచ్చినది. విద్యుత్తు జనరేటర్ నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి మోటారుకు మారిన ప్రతిసారీ కొంత వేడిగా పోతుంది. ఎడమ జేబులోని డబ్బును కుడి జేబులోకి మారుస్తూ మధ్యలో ఎవరికో కమీషన్ ఇచ్చుకుంటున్నట్టుగా ఉంటుంది ఈ వ్యవహారం. పోనీ ఆ జేబైనా పెద్దదా అంటే, హైరైడర్‌లోనూ, మారుతి వారి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లోనూ ఉన్న బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్-అవర్లే, మన ఇంటి మీటరు లెక్కలో ఒక యూనిట్ కరెంటు కూడా కాదు.

ఇక జాతీయ రహదారి సంగతి. నెల్లూరు నుంచి ఒంగోలు వరకు 16వ నంబరు రహదారి మీద పెట్రోలును తినేది ప్రధానంగా గాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 100 దగ్గర అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 110 దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. మునివేళ్లతో తొక్కినా మడమతో తొక్కినా ఆ లెక్క మారదు. వేగం తగ్గించుకున్నందుకు మనం పోగొట్టుకునే సమయం ఎంత? యాభై కిలోమీటర్ల దూరానికి 100 బదులు 80లో వెళితే ఏడెనిమిది నిమిషాలు. అంతకన్నా ఎక్కువ సేపు మనం టీ దుకాణం దగ్గర ఆగుతాము.

మీరు చెప్పిన 27.97 అంకెను కూడా దాని స్థానంలో ఉంచి చూడాలి. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, మన దేశానికి అనువుగా మార్చిన ఒక డ్రైవింగ్ సైకిల్ (ఎప్పుడు ఎంత వేగంలో నడపాలో చెప్పే పట్టిక) ప్రకారం తీసిన లెక్క. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, సగటు వేగం 30 చిల్లర. ఆగడం, కదలడం ఎక్కువగా ఉన్న అటువంటి నడకలోనే హైబ్రిడ్ తన బలం చూపుతుంది. దాన్ని పట్టుకుని చెన్నై ప్రయాణంలో ఆ అంకె రాలేదని బాధపడటం అనవసరం.

ఒంగోలు గిత్త:

రహదారి గురించి బాటసారి గారు చెప్పినది సరే. కానీ మాలాంటివాళ్లం రోజూ తిరిగేది ఒంగోలు ట్రంకు రోడ్డులోను, కర్నూలు రోడ్డులోను. అక్కడ యాక్సిలరేటర్ కన్నా బ్రేకే మైలేజీని నిర్ణయిస్తుందని నా అభిప్రాయం, దాని గురించి మీరిద్దరూ మాట్లాడలేదు.

హైబ్రిడ్‌లో బ్రేకు పెడల్ ఒకటే అయినా దాని వెనుక పని చేసేవి రెండు. మెల్లగా నొక్కితే మోటారు జనరేటర్‌గా మారి, చక్రాల వేగాన్ని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఒక్కసారిగా గట్టిగా నొక్కితే మోటారు పట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ బలం కావలసి వస్తుంది. అప్పుడు మామూలు బ్రేకు ప్యాడ్లు కలగజేసుకుంటాయి, ఆ మేరకు శక్తి వేడిగా పోతుంది. కారు దాదాపు ఆగే దశలో ఎలాగూ ప్యాడ్లదే పని. అందువల్ల అద్దంకి బస్టాండు దగ్గర ముందున్న ఆటో ఆగుతుందని దూరం నుంచే గ్రహించి, పాదం ముందే తీసివేసి, నిడివిగా మెత్తగా ఆపుకున్నవారికి తిరిగి దక్కేది చాలా ఉంటుంది. డాష్‌బోర్డు మీద శక్తి వాడకాన్ని చూపే ముల్లు ఛార్జ్ అని రాసిన భాగంలోనే ఉండి, దాని అడుగు అంచుకు తగలకుండా చూసుకుంటే చాలు. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. అవి ఎక్కడున్నాయో కంఠతా వచ్చినవాడికి కంప్యూటరుకు తెలియని సంగతి ఒకటి తెలిసినట్టే. పెన్నాతీరం గారి పొరుగువారికి నా సమాధానం ఇదే: రోడ్డు ముందు ఏముందో ఆ కంప్యూటరు చూడలేదు, మనం చూడగలం.

పట్టుకున్నదంతా తిరిగి రాదన్న కమీషన్ లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది కాబట్టి, అసలు బ్రేకే అవసరం లేకుండా కారును దానంతట అది దొర్లనివ్వడం అన్నిటికన్నా మేలు. టంగుటూరు టోల్ గేటు కనబడగానే పాదం తీయగలిగితే, వరుస చివరికి చేరేసరికి వేగం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది.

పెన్నాతీరం (నెల్లూరు):

బాటసారి గారి కమీషన్ లెక్కకు నా జవాబు ఒకటుంది. పెట్రోలు ఇంజిన్ అన్ని వేళలా ఒకే సామర్థ్యంతో పని చేయదు. వీఆర్సీ సెంటరు రద్దీలో ముప్పైలో పాకుతున్నప్పుడు దానికి దాదాపు భారమే ఉండదు. అటువంటప్పుడు అది చేసే పనికి మించి పెట్రోలు తాగుతుంది. తగినంత భారం పడినప్పుడే అది పొదుపుగా నడుస్తుంది. కాబట్టి ఆ తక్కువ భారపు నిమిషాలలో ఇంజిన్‌ను ఆపివేసి, బాగా పని చేయగల సమయంలో కాస్త ఎక్కువ పని చేయించి, ఆ మిగులును తర్వాత వాడుకుంటే, దారిలో పోయే కమీషన్ పోనూ లాభమే మిగులుతుంది. అసలు హైబ్రిడ్‌ను కనిపెట్టడంలోని ఉద్దేశమే అది కదా? 1997లో జపాన్‌లో మొదటి ప్రియస్ వచ్చినప్పటి నుంచి నడుస్తున్న సూత్రమిది.

కావలి బాటసారి:

సూత్రం సరైనదే, దాన్ని అమలు చేసేది కంప్యూటరని మాత్రమే నేనంటున్నది. మీరు ఈవీ దీపం ఆరకూడదని అదే పనిగా పాదాన్ని వెనక్కి లాగుతుంటే, బ్యాటరీ అడుగంటాక ఇంజిన్ మేలుకొని, బండిని లాగుతూనే బ్యాటరీని కూడా నింపవలసి వస్తుంది. సిగ్నల్ దగ్గర నిలబడి ఉండగా ఇంజిన్ దానంతట అది మొదలైతే, అంతకుముందు చేసిన ఆదాకు బిల్లు వచ్చిందని అర్థం. మీరు చెప్పిన సూత్రం ప్రకారమే చూసినా, బయలుదేరేటప్పుడు జంకకుండా మధ్యస్థంగా తొక్కి, ఇంజిన్‌ను పని చేయనిచ్చి, కావలసిన వేగం అందగానే పాదం సడలించాలి. ముప్పైకి చేరడానికి అర కిలోమీటరు తీసుకుని వెనుక ఉన్న ఆర్టీసీ బస్సు చేత హారన్ కొట్టించుకోవడం పొదుపు కాదు.

పెన్నాతీరం (నెల్లూరు):

ఆ మధ్యస్థపు తొక్కుడును నా పద్ధతిలో చేర్చుకోవడానికి అభ్యంతరం లేదు. కానీ పాదం ఎప్పుడు సడలించాలో నిర్ణయించేది నడిపేవారే కాబట్టి వాదన ఇంకా నా వైపే ఉంది.

నల్లమల దారి (మార్కాపురం):

మైదానంలోని వారు ఘాట్ సంగతి మరిచిపోయారు. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవారికి పై సలహాలలో కొన్ని తలకిందులవుతాయి. దిగేటప్పుడు బ్యాటరీ ఉచితంగా నిండుతుందన్న సంతోషంతో చాలామంది బయలుదేరుతారు. నలుగురైదుగురు ఎక్కిన కారు బరువు సుమారు 1600 కిలోలు అనుకుందాం. అది 200 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 0.87 కిలోవాట్-అవర్లు, అంటే ఆ చిన్న బ్యాటరీ మొత్తం సామర్థ్యం కన్నా ఎక్కువ. గాలికి, టైర్లకు కొంత పోయినా, పొడవైన దిగుడులో బ్యాటరీ త్వరగా నిండుతుంది. ఆ తర్వాత మోటారు పట్టుకోగలిగింది ఏమీ ఉండదు, బ్రేకు ప్యాడ్లే వేడెక్కుతాయి. గేరు మీటలో బి అన్న స్థానం పెట్టింది ఇందుకే. అది ఇంజిన్ చేత కారును నిలువరింపజేస్తుంది. మైలేజీ కోసం కొందరు ఊళ్లో కూడా బి లోనే నడుపుతున్నారని విన్నాను. దానివల్ల కారు సహజంగా దొర్లే అవకాశం పోతుంది తప్ప కలిసివచ్చేది లేదు.

మరొక అలవాటును గట్టిగా ఖండించవలసి ఉంది. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో న్యూట్రల్‌లో వదిలే పాతకాలపు డ్రైవర్ల పద్ధతిని హైబ్రిడ్‌కు కూడా తెచ్చినవారున్నారు. ప్రమాదం సంగతి అలా ఉంచితే, ఈ కార్లు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ ఛార్జ్ కాదు. రెండు విధాలా నష్టమే. పైకి ఎక్కేటప్పుడు పెట్రోలు ఎలాగూ పోతుంది, దానికి ఉపాయం లేదు.

రామాయపట్నం గాలి:

నాది మారుతి వారి స్మార్ట్ హైబ్రిడ్. ఇవన్నీ నాకూ పనికి వస్తాయా?

ఒంగోలు గిత్త:

కొన్ని మాత్రమే. మీ కారులోని చిన్న మోటారు ఇంజిన్‌కు సాయం పడుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను తిరిగి నడిపిస్తుంది. తానొక్కటే కారును లాగలేదు. కాబట్టి ఈవీ దీపం గొడవ మీకు లేదు. ముందుచూపుతో బ్రేకు వేయడం, వేగం అదుపులో ఉంచుకోవడం మీకూ వర్తిస్తాయి.

సాగరతీరం (సింగరాయకొండ):

అందరూ అలవాట్ల గురించే మాట్లాడుతున్నారు గాని, అలవాటు కానివి కూడా లెక్కను మారుస్తాయి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే దానిలో సుమారు మూడింట రెండు వంతులే కాబట్టి, మిశ్రమంలో శక్తి దాదాపు ఏడు శాతం తగ్గుతుంది. పాత రోజుల మైలేజీతో ఇప్పటిదాన్ని పోల్చి, నడక చెడిందని తమను తాము నిందించుకునేవారు ఇది గమనించాలి. రోహిణి కార్తెలో ఏసీ భారం మరొకటి. స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లలో ఏసీ కంప్రెసర్ విద్యుత్తుతో నడుస్తుంది కాబట్టి ఇంజిన్ ఆగినా చల్లదనం ఆగదు. కానీ ఆ విద్యుత్తు కూడా బ్యాటరీ నుంచే పోవాలి. ఎండలో నిలిపిన కారును ఎక్కగానే అద్దాలు దించి వేడిగాలిని కాసేపు పోనివ్వడం చిన్న పనే అయినా ఫలితం ఉంటుంది. వెనుక సీటు దగ్గర బ్యాటరీ చల్లబడటానికి గాలి తీసుకునే రంధ్రం ఉన్న కార్లలో, దానికి అడ్డంగా సంచులు పెట్టకండి. టైర్లలో గాలి తలుపు దగ్గరి చీటీలో ఉన్న మేరకు, అవి చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. రైతుబజారుకు ఒకసారి, బడికి ఒకసారి అంటూ విడివిడిగా చిన్న ప్రయాణాలు చేస్తే, చల్లారిన ఇంజిన్ తనను తాను వేడి చేసుకోవడానికే ప్రతిసారీ కొంత పెట్రోలు ఖర్చవుతుంది. ఆ పనులు కలిపి ఒక్కసారి చేసుకుంటే ఈవీ దీపం కన్నా ఎక్కువ మిగులుతుంది.

పెన్నాతీరం గారి ముగ్గురి పోలికను కూడా నేను అంత తేలికగా అంగీకరించను. డాష్‌బోర్డు చూపే అంకెలా, బంకులో కొలిచినవా? ఒకే బంకులో, నాజిల్ దానంతట అది ఆగే వరకు నింపి, ట్యాంకు చాలావరకు ఖాళీ అయ్యాక మళ్లీ అలాగే నింపి, నడిచిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించినవైతేనే పోల్చడానికి పనికి వస్తాయి. రహదారి మీద అయితే రానుపోను రెండూ లెక్కించాలి. సముద్రపు గాలి వెనుక నుంచి తోసినప్పటి మైలేజీని తన ప్రతిభగా చెప్పుకున్నవారిని నేను చూశాను.

పెన్నాతీరం (నెల్లూరు):

డాష్‌బోర్డు అంకెలే. బంకు లెక్క వచ్చే నెల మొదలుపెట్టి ముగ్గురివీ ఇక్కడ ఉంచుతాను. బాటసారి గారు చెప్పిన 80 వేగం మీద మాత్రం అభ్యంతరముంది. నాలుగు వరుసల రహదారి మీద కార్లకు పరిమితి 100. ఎడమ వరుసలో 80లో పోతుంటే వెనుక నుంచి బస్సులు మీదికి వస్తాయి. రాత్రి వేళ అదే వరుసలో వెనుక దీపాలు లేకుండా ఆపిన లారీలుంటాయి. లీటరుకు రెండు మూడు కిలోమీటర్ల కోసం ఆ ఒత్తిడి నాకు అక్కరలేదు.

కావలి బాటసారి:

ఆపిన లారీని తప్పించుకోవడానికి 100 కన్నా 80 లోనే ఎక్కువ వ్యవధి దొరుకుతుంది కాబట్టి ఆ ఉదాహరణ నాకే అనుకూలం. బస్సుల సంగతి నిజమే. అందుకే నేను పగలు 80 నుంచి 85 మధ్య క్రూయిజ్ కంట్రోల్ (వేగాన్ని దానంతట అది నిలిపి ఉంచే ఏర్పాటు) పెట్టుకుంటాను. గ్రామాల దగ్గర ఫ్లైఓవర్ ఎక్కే ముందు దాన్ని తీసివేసి, ఎక్కుడులో వేగం నాలుగైదు కిలోమీటర్లు తగ్గనిచ్చి, దిగుడులో మళ్లీ పుంజుకోనిస్తాను. రాత్రి అయితే, మైలేజీ కోసం కాదు, కళ్ల కోసం ఇంకా తగ్గిస్తాను.

ఒంగోలు గిత్త:

రాత్రి విషయంలో బాటసారి గారితో, పగటి విషయంలో పెన్నాతీరం గారితో ఏకీభవిస్తున్నాను. ముగ్గురి బంకు లెక్కలు వచ్చినప్పుడు, ఎవరు ఏ వేగంలో నడిపారో కూడా పక్కనే రాయండి. అది లేకపోతే ఆ అంకెల మీద మళ్లీ ఇదే చర్చ జరుగుతుంది.