మా క్లాసు పిల్లాడి ఇంట్లో ఏదో తేడాగా ఉందనిపిస్తోంది. రుజువు లేకుండా చెప్పొచ్చా?

రెండో_తరగతి_టీచర్:

అందరికీ నమస్కారం. ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. మా క్లాసులో ఏడేళ్ల బాబు ఒకడున్నాడు. ఈ ఏడాది మొదట్లో చలాకీగా, ప్రతి ప్రశ్నకీ చెయ్యెత్తేవాడు. కొన్ని వారాలుగా పూర్తిగా మారిపోయాడు. ఆకలితో వస్తున్నాడు. మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. బట్టలు మాసి వాసన వస్తున్నాయని పక్క పిల్లలు దూరం జరుగుతున్నారు. పన్ను నొప్పి అంటూ చాలా రోజులుగా చెంప పట్టుకుని కూర్చుంటున్నాడు, ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినట్టు లేదు. సాయంత్రం గంట కొట్టగానే అందరూ పరుగెడితే వీడు మాత్రం సంచీ సర్దుతూ సర్దుతూ ఉండిపోతాడు.

ఎందుకురా నిద్ర అంటే, "రాత్రి పాప ఏడుస్తుంది టీచర్, నేనే ఎత్తుకోవాలి" అన్నాడు. నెలల పిల్ల చెల్లెలు ఉందట. తల్లి ఒక్కతే, పనికి వెళ్తుంది. ఆమెతో రెండు మూడు సార్లు మాట్లాడాను. చెడ్డ మనిషి అనిపించలేదు. నిలబడే ఓపిక కూడా లేనట్టు గోడకి ఆనుకుని మాట్లాడింది.

స్టాఫ్‌రూమ్‌లో కదిపితే ఒకరు "అది పేదరికం, మనమేం చేస్తాం" అన్నారు. ఇంకొకరు "చెప్పావంటే పిల్లల్ని తీసుకుపోతారు, ఆ ఉసురు నీకెందుకు" అన్నారు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది నిర్లక్ష్యం కిందికి వస్తుందా? నా దగ్గర రుజువంటూ ఏమీ లేదు. ఎవరికి, ఏమని చెప్పాలి?

ఇద్దరు_పిల్లల_నాన్న:

మేడమ్, నేను ఈ రంగం వాణ్ని కాదు, పక్కింటివాడిగా చెబుతున్నాను. మా పై ఫ్లోర్‌లో ఇలాగే ఒక అమ్మాయి చంటిబిడ్డతో ఒంటరిగా ఉండేది. అరుపులు వినిపించేవి. అందరూ తలుపులేసుకుని వాళ్ల గురించే మాట్లాడుకునేవాళ్లు. మా ఆవిడ వెళ్లి "సాయంత్రం పూట బిడ్డని మా ఇంట్లో వదిలి కాసేపు పడుకో" అంది. ఆ అమ్మాయి మొదట వద్దంది. తర్వాత ఓ రోజు తనే తలుపు కొట్టింది. "ఏదైనా అవసరమైతే అడుగు" అని వదిలేస్తే ఎవరూ అడగరు మేడమ్. ఏ టైముకి, ఏం చేస్తామో చెబితేనే తీసుకుంటారు. మీరు కూడా ముందు తల్లితోనే మాట్లాడి చూడండి. ఫిర్యాదు దాకా ఎందుకు?

పిల్లలవార్డు_నర్సు:

టీచర్ గారూ, రుజువు మీరు తేనక్కర్లేదు. అనుమానించడానికి తగిన కారణం ఉంటే చాలు. చాలా దేశాల్లో టీచర్లు, డాక్టర్లు, నర్సులు అలా అనుమానం వచ్చినప్పుడు చెప్పి తీరాలని చట్టమే ఉంది. నిజమా కాదా తేల్చే పని పిల్లల రక్షణ విభాగం వాళ్లది. మనమే దర్యాప్తు మొదలుపెడితే ఆ పిల్లాడు ఒకే మాట పదిమందికి చెప్పాల్సి వస్తుంది, చివరికి వాడు మొదట ఏమన్నాడో ఎవరికీ గుర్తుండదు.

నేను చాలా ఏళ్లు పిల్లల వార్డులో పనిచేశాను. ఇప్పుడు గర్భిణుల, బాలింతల ఇళ్లకు వెళ్లే పనిలో ఉన్నాను. వార్డులో చూసేదంతా జరిగిపోయాక. ఇళ్లల్లో చూసేది జరగకముందు. అందుకే మీ పోస్టు చదివి ఊరుకోలేకపోయాను.

పేదరికమా, నిర్లక్ష్యమా అన్నారు. దెబ్బ కనిపించదు కాబట్టి నిర్లక్ష్యాన్ని జనం లెక్కలోకే తీసుకోరు. అమెరికాలో ఏటా అధికారులు ధ్రువీకరించే కేసుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల్లో ఉండేది నిర్లక్ష్యమే. ఆ కుటుంబాల్లో చాలావాటికి పిల్లల మీద ప్రేమ లేక కాదు ఇబ్బంది, చేతిలో డబ్బూ, పక్కన మనిషీ లేక. అక్కడి రాష్ట్రాలను పోల్చి చూసిన 2017 అధ్యయనం ఒకటుంది. కనీస వేతనం పెరిగిన చోట నిర్లక్ష్యం ఫిర్యాదులు తగ్గాయని అందులో తేలింది. మీ బాబు పన్ను విషయమే తీసుకోండి. డబ్బు లేక ఆగిందా, సెలవు దొరక్క ఆగిందా, అసలు పట్టించుకోలేదా? మొదటి రెండిటికీ స్కూలే దారి చూపించగలదు. అలా దారి చూపించినా, మళ్లీ మళ్లీ గుర్తుచేసినా ఎవరూ కదలకపోతే అప్పుడు సంగతి వేరు. ఏదైనా సరే, వాడి నొప్పి ఇవాళ ఉంది కదా. కారణం తేలేదాకా ఆ పన్ను ఆగదు.

నన్ను ఎక్కువ భయపెట్టిన మాట ఇంకొకటి: "నేనే ఎత్తుకోవాలి." తల్లి డ్యూటీ రాత్రిపూటా? అయితే ఏడేళ్లవాడు, నెలల పాప, రాత్రంతా ఇద్దరే ఉంటున్నారా? అదొక్కటి కనుక్కోండి. చంటిబిడ్డల ఏడుపు పుట్టిన రెండు మూడు వారాల నుంచి పెరుగుతూ రెండో నెలలో తారస్థాయికి చేరుతుంది. నాలుగైదు నెలలకి తగ్గుతుంది. ఏ జబ్బూ లేని బిడ్డ కూడా గంటలకొద్దీ ఏడవగలదు, పాలిచ్చినా, ఎత్తుకున్నా ఆగదు. సరిగ్గా ఆ నెలల్లోనే కొందరు సహనం చచ్చిపోయి బిడ్డను పట్టుకుని కుదిపేస్తారు. పెద్ద తల, బలంలేని మెడ. ఆ కుదుపుకి మెదడు చుట్టూ రక్తస్రావం అవుతుంది. చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పెద్దవాళ్లే తట్టుకోలేని ఏడుపుని ఏడేళ్లవాడి చేతిలో పెట్టడమంటే ఇద్దరు పిల్లల్నీ ప్రమాదంలో పెట్టడమే.

ఈ మధ్య ఒక ఇంటికి వెళ్లాను. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి చేతులు వణుకుతున్నాయి. "నాకు దీన్ని విసిరికొట్టాలనిపిస్తోంది మేడమ్" అని తనే అంది. ఆ మాట అన్న తల్లిని నేను తిట్టను. ఆ మాట బయటికి అనగలిగిందంటే సాయం అడుగుతున్నట్టే. బిడ్డని వెల్లకిలా మంచం మీద, చుట్టూ దిండ్లు లేకుండా పడుకోబెట్టించాను. తలుపు చేరవేసి ఇద్దరం బయట కూర్చున్నాం. ఏడుపు వినిపిస్తూనే ఉంది. "కొన్ని నిమిషాలు ఏడిస్తే బిడ్డకేం కాదు, నువ్వు ఊపిరి తీసుకో, తర్వాత లోపలికి వెళ్లి చూద్దాం" అన్నాను. ఇంత చిన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ప్రసవమై ఇంటికి పంపేటప్పుడే తల్లికీ తండ్రికీ, బిడ్డని చూసుకునే ప్రతి మనిషికీ ఇది చెప్పాలని నా పట్టుదల.

ఇళ్లకు వెళ్తే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లున్నారు. డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు 1977లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో ఈ పని మొదలుపెట్టాడు. మొదటిసారి తల్లులు కాబోతున్నవాళ్లు, వాళ్లలో చాలామంది చిన్న వయసువాళ్లు, పేదవాళ్లు, భర్త తోడు లేనివాళ్లు. గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకి రెండేళ్లు వచ్చేదాకా ఒక నర్సు ఇంటికి వెళ్లేది. బిడ్డకి 15 ఏళ్లు వచ్చాక చూస్తే, ఆ కుటుంబాల్లో ధ్రువపడిన హింస, నిర్లక్ష్యం కేసులు నర్సు వెళ్లని అలాంటి కుటుంబాలతో పోలిస్తే దాదాపు సగమే. అయితే తల్లి మీదే ఇంట్లో హింస ఎక్కువగా జరుగుతున్న చోట ఆ తేడా కనిపించలేదు. అందుకే నేను ఏ ఇంటికి వెళ్లినా తల్లిని పక్కకి తీసుకెళ్లి "నిన్నెవరైనా కొడుతున్నారా?" అని సూటిగా అడుగుతాను.

నాన్న గారూ, మీ ఆవిడ చేసింది చాలా గొప్ప పని. నాకు అలాంటి పక్కింటివాళ్లు ప్రతి వీధికీ కావాలి. కానీ "ఫిర్యాదు దాకా ఎందుకు" అన్న మాట మాత్రం ఒప్పుకోను. సాయం చెయ్యడం, చెప్పడం రెండూ కలిసే సాగాలి. చెప్పగానే పిల్లల్ని తీసుకుపోతారన్నది కూడా సరికాదు. ఎక్కువ కేసుల్లో పిల్లలు ఇంట్లోనే ఉంటారు. కుటుంబానికి ఏం కావాలో చూడటం ఆ విభాగం పనిలో భాగమే.

రెండో_తరగతి_టీచర్:

చాలా థ్యాంక్సండీ. మీ ప్రశ్నకి జవాబు: అవును, వారంలో కొన్ని రోజులు రాత్రి డ్యూటీయే. పక్కింటి పెద్దావిడ చూస్తుందని తల్లి అంటోంది, కానీ బాబు నోట ఆ పేరు ఎప్పుడూ రాలేదు. ఇంకొకటి. ఈ రోజు పొద్దున తల్లి బాబుని దించడానికి వచ్చినప్పుడు పాపని ఎత్తుకుని ఉంది. మూడు నెలలట. పాప చెవి పైభాగం కమిలి నల్లగా కనిపించింది. అడిగితే "మంచానికి తగిలింది" అంది. పిలిపించి కూర్చోబెట్టి గట్టిగా అడగమంటారా? బాబుని అడగనా?

పిల్లలవార్డు_నర్సు:

వద్దు. తల్లినీ గట్టిగా అడగొద్దు, బాబునీ అడగొద్దు. ఇప్పుడే, ఈ మెసేజ్ చదవగానే, మీ స్కూల్లో పిల్లల భద్రత చూసేవాళ్లకి లేదా ప్రధానోపాధ్యాయులకి చెప్పి, మీ ప్రాంతంలోని పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. స్కూలువాళ్లు తాత్సారం చేస్తే వాళ్ల కోసం ఆగకుండా మీరే చెయ్యండి. ఆ పాపని ఇవాళే పిల్లల డాక్టరు చూడాలి.

ఎందుకంటే మూడు నెలల బిడ్డ సాధారణంగా దొర్లదు, పాకదు, తనంతట తాను వెళ్లి మంచానికి కొట్టుకోలేదు. నడక నేర్చిన పిల్లలకి మోకాళ్లు, మోచేతులు, నుదురు కమలడం మామూలే. కదలలేని బిడ్డ ఒంటి మీద కమిలిన గుర్తు చాలా అరుదు. నాలుగేళ్లలోపు పిల్లలకి ఛాతీ, పొట్ట, వీపు, చెవులు, మెడ మీద కమిలితే, అయిదు నెలల లోపు బిడ్డకి ఒంటి మీద ఎక్కడ కమిలినా, డాక్టర్లు ఆగి పూర్తిగా పరీక్షించాలని మాకు నేర్పిస్తారు. అది రక్తం గడ్డకట్టని జబ్బు వల్ల కూడా కావచ్చు, అదీ తెలియాల్సిందే. ఎవరు చేశారో నేను అనడం లేదు. తల్లి కాకపోవచ్చు కూడా.

"చెడ్డ మనిషి అనిపించలేదు" అని రాశారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకునేవాళ్లు. ఎక్స్‌రేలో కొత్తగా విరిగిన ఎముకా, ఎప్పుడో విరిగి మానిపోయిన ఎముకా పక్కపక్కన కనిపిస్తున్నా, ఎదురుగా ఉన్న తల్లిదండ్రులు అలాంటివాళ్లు కాదులే అని వదిలేసేవారు. 1962లో అమెరికాలో పిల్లల డాక్టరు హెన్రీ కెంప్, ఆయన సహచరులు దాని మీద వైద్య పత్రికలో రాశాకే ఆ మౌనం పోయింది. తర్వాత కొన్నేళ్లలోనే అమెరికా రాష్ట్రాలన్నీ డాక్టర్లు తప్పక చెప్పాలని చట్టాలు చేశాయి. మనిషి మంచితనం చూసి గాయాన్ని కొలవకూడదండీ.

బాలల_కౌన్సెలర్:

నర్సు గారు చెప్పింది అక్షరాలా చెయ్యండి. బాబు విషయంలో నాదొక మాట. వాడంతట వాడు వచ్చి ఏదైనా చెబితే, చేస్తున్న పని ఆపి వాడి ఎత్తుకి కూర్చుని వినండి. "అమ్మ కొట్టిందా?" అని మీరే జవాబు అందించకండి. "ఏం జరిగిందో చెప్పు", "తర్వాత?" అంతే. "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి, మీరు చెప్పాల్సి ఉంటుంది. "నాకు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు, నీకు సాయం చేసేవాళ్లకి చెబుతాను" అనండి. వాడు వెళ్లగానే తేదీ, టైము, వాడు వాడిన మాటలు వాడినట్టే రాయండి. "తల్లి పట్టించుకోవడం లేదు" అని రాయకండి. "పొద్దున 9 గంటలకి ఆకలిగా ఉందన్నాడు, రాత్రి నుంచి ఏం తినలేదన్నాడు" అని రాయండి. చూసిందీ విన్నదీ ఒక చోట, మీ అభిప్రాయం వేరే చోట.

ఇంకొకటి, దయచేసి ఇకపై ఆ కుటుంబం వివరాలు ఇక్కడ రాయకండి. ఇప్పటికే ఉన్నవి ఎవరైనా గుర్తుపట్టేలా ఉంటే తీసేయండి.

ఇద్దరు_పిల్లల_నాన్న:

చెవి సంగతి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను మేడమ్. వెంటనే చెప్పండి.

రెండో_తరగతి_టీచర్:

చెప్పేశానండీ. ప్రధానోపాధ్యాయురాలు పక్కనే కూర్చున్నారు, ఫోన్ నేనే చేశాను. వివరాలు రాయను. పాపని డాక్టరుకి చూపించే ఏర్పాటు జరిగింది. రేపు బాబు క్లాసుకి వస్తే నేనెలా ఉండాలి? ఆ తల్లి ముఖం ఎలా చూడాలి?

పిల్లలవార్డు_నర్సు:

బాబుతో ఎప్పటిలాగే ఉండండి. నిద్రొస్తే పడుకోనివ్వండి, ఆకలేస్తే ఎవరి కంటా పడకుండా ఏదైనా పెట్టండి, పలక తుడిచే పనో పుస్తకాలు పంచే పనో అప్పజెప్పండి. జాలిగా చూడకండి, పిల్లలు అది వెంటనే పసిగడతారు. బట్టల గురించి పక్క పిల్లలు ఏమైనా అంటే అక్కడే ఆపండి.

తల్లి కనిపిస్తే నమస్కారం పెట్టి పలకరించండి. కోపంగా ఉండొచ్చు, మాట్లాడకపోవచ్చు. చెప్పింది మీరేనని తెలిసి అడిగితే అబద్ధం ఆడొద్దు: "పిల్లల గురించి, మీ గురించి భయమేసి చెప్పాను" అనండి. అక్కడితో ఆపండి, వాదనకి దిగకండి. కేసు చూసే అధికారి పేరు, నంబరు మీ దగ్గర ఉంచుకుని, వారం తర్వాత కూడా ఏ కబురూ రాకపోతే మీరే ఫోన్ చేసి అడగండి. పన్ను సంగతి కూడా వాళ్లకి చెప్పండి, పాప హడావిడిలో అది మరుగున పడిపోతుంది.