రేడియేషన్ ఇచ్చిన వైపు చర్మం మీద వంగపండు రంగు మచ్చ, మామోగ్రామ్ నార్మల్, వదిలేయొచ్చా అండీ?

అడిగినవారు (అమలాపురం దగ్గర):
నమస్కారమండి. మా అమ్మకి 64 ఏళ్ళు, 2018లో ఎడమ రొమ్ములో గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు, ఇన్నాళ్ళూ బానే ఉందండి. రెండు నెలల నుంచి అదే వైపు చర్మం మీద కమిలినట్టు మచ్చ, దెబ్బేం తగల్లేదంటంది, ఇప్పుడు పక్కన చిన్న ఎర్ర పొక్కులు కూడా లేచాయి. ఇక్కడ చూపిస్తే ఎలర్జీ అని ఆయింట్‌మెంట్ రాశారు, తగ్గలేదు. మామోగ్రామ్‌లో ఏం లేదన్నారు. పంచాయతీలో పని, సెలవు దొరకడం కష్టం, అందుకే అడుగుతున్నానండి.

పాలకొల్లు నుంచి:
వదలొద్దండి. మా పిన్నికి ఇలాగే ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ వాడించారు, చివరికి ముక్క తీసి చూస్తే ఆంజియోసార్కోమా అనే అరుదైన కేన్సర్ అని వచ్చింది. ముందు బయాప్సీ (ముక్క తీసి చూసే పరీక్ష) చేయించండి, మిగతావన్నీ తర్వాత.

కాకినాడ నుంచి (పాథాలజీలో పనిచేస్తాను):
పై వారు చెప్పింది కరెక్టండి. రేడియేషన్ పడిన చర్మంలో సన్నటి రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా కనపడటం మామూలే, దానికి భయపడక్కర్లేదు, కానీ ఏళ్ళ తర్వాత కొత్తగా ఊదా మచ్చ వచ్చి పెరుగుతుందంటే ముక్క తీయాల్సిందే. ఆంజియోసార్కోమా రక్తనాళాల గోడల్లో పుట్టే కేన్సరు, చాలా అరుదు, రొమ్ముకి రేడియేషన్ తీసుకున్న వెయ్యి మందిలో సుమారు ఒకరికి, ఎక్కువగా 5 నుంచి 10 ఏళ్ళ మధ్యలో వస్తుంది. పాత కేన్సర్ తిరగబెట్టడం కాదిది, వేరే జబ్బు. చర్మంలోనే ఉంటుంది కాబట్టి మామోగ్రామ్‌లో చాలాసార్లు కనపడదు, అందుకే ఆ నార్మల్ రిపోర్టు చూసి ధైర్యపడొద్దు.

సూదితో తీసే పరీక్ష చాలదండి, బాగా ముదురుగా ఉన్న చోట చర్మం పూర్తి మందంతో పంచ్ బయాప్సీ (గుండ్రటి చిన్న పరికరంతో చర్మం ముక్క తీయడం) తీయమనండి. ఫారం మీద ఫలానా సంవత్సరం రేడియేషన్ అయిందని డాక్టరు చేత తప్పకుండా రాయించండి, అది లేకపోతే మాలాంటి వాళ్ళం స్లైడ్ చూసేటప్పుడు ఆ దిక్కున ఆలోచించం. అనుమానంగా ఉంటే సీడీ31, ఈఆర్‌జీ, మిక్ స్టెయిన్‌లు (ఆ ముక్క మీదే రంగులు వేసి చేసే అదనపు పరీక్షలు) అడగండి, రేడియేషన్ వల్ల వచ్చే మామూలు రక్తనాళాల మచ్చల్ని దీన్నుంచి విడదీయడానికి మిక్ బాగా పనికొస్తుంది. ఒకసారి ఏం లేదని వచ్చినా మచ్చ పెరుగుతుంటే మళ్ళీ తీయించాలి.

అడిగినవారు:
అయ్యో, అప్పుడు రేడియేషన్ వద్దన్నా బాగుండేదాండి?

కాకినాడ నుంచి:
అలా అనుకోకండమ్మా. గడ్డ మాత్రమే తీసినవాళ్ళు 10 వేల మందికి పైగా లెక్క 2011లో కలిపి చూశారు, పదేళ్ళలో జబ్బు తిరగబెట్టడం రేడియేషన్ లేనివాళ్ళలో 35 శాతం, తీసుకున్నవాళ్ళలో 19 శాతం. అమ్మగారిని ఇన్నాళ్ళు కాపాడినవాటిలో అదీ ఒకటి.

ఒకవేళ ఆంజియోసార్కోమానే అని తేలితే ఊళ్ళో ఆపరేషన్ చేయించెయ్యొద్దు. రేడియేషన్ పడిన చర్మం మొత్తం వెడల్పుగా తీసి, వేరే చోట చర్మం తెచ్చి వేయాల్సి రావచ్చు, ముందు ఊపిరితిత్తులకి సీటీ కూడా తీస్తారు. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది, సార్కోమాలు (ఇలాంటి అరుదైన కేన్సర్లు) చూసే టీమ్‌కి చూపించండి. వెళ్ళేటప్పుడు స్లైడ్లు, మైనపు బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో దాచినవి), 2018 డిశ్చార్జ్ సమ్మరీ, రేడియేషన్ కాగితం పట్టుకెళ్ళండి, లేకపోతే బ్లాకుల కోసం మళ్ళీ వెనక్కి రావాల్సొస్తది.

పాలకొల్లు నుంచి:
ఆ మచ్చ పక్కన స్కేలు పెట్టి వారానికోసారి ఫోటో తీయండి, తేదీతో. మా పిన్ని కేసులో డాక్టర్లు మొదట అడిగింది అదేనండి.