టెస్ట్ ఫెయిలైతే క్విక్‌ఫిక్స్ నింపాల్సింది ఎర్రర్‌ఫార్మాటా, జేసనా?

టెర్మినల్_వాసి:
మా ప్రాజెక్టులో పైథాన్, గో రెండూ ఉన్నాయి. టెస్టులు విమ్ ఎడిటర్‌లోంచే నడుపుతాం. ఫెయిలైనవి క్విక్‌ఫిక్స్ జాబితాలోకి (తప్పున్న ఫైలు, లైను దగ్గరికి దూకించే విమ్ జాబితా) రావడానికి ఎర్రర్‌ఫార్మాట్ (అవుట్‌పుట్ టెక్స్ట్‌లోంచి ఫైలు, లైను ఏరే నమూనా) చాలని కొందరు, అది పాతపద్ధతి, టెస్ట్ టూల్ ఇచ్చే జేసన్ (ఫీల్డులుగా విడదీసిన డేటా) చదవాలని కొందరు. మీరేమంటారు?

గో_బెంచీ:
జేసనే. గో టెస్ట్ "కార్ట్_టెస్ట్.గో:41:" అని మామూలుగా ఉత్త ఫైలు పేరు రాస్తుంది, డైరెక్టరీ చెప్పదు. ప్రాజెక్టు రూట్ నుంచి అన్ని ప్యాకేజీలూ నడిపితే విమ్ ఆ పేరుతో ఖాళీ బఫర్ తెరుస్తుంది. ప్యాకేజీ పేరు వచ్చేది ఎర్రర్ల కింద, "ఫెయిల్" లైన్లో. ఎర్రర్‌ఫార్మాట్‌లో డైరెక్టరీని పట్టే %డి వాడదామంటే డైరెక్టరీ ముందే కనబడాలి కదా. గో 1.10 నుంచి ఉన్న -జేసన్ ఆప్షన్‌లో ప్రతి టెస్ట్ ఈవెంట్‌తోనూ ప్యాకేజీ వస్తుంది.

పైథాన్_బెంచీ:
ప్యాకేజీ మాట ఒప్పుకుంటాను. కానీ లైన్ నంబరుకు అందులో వేరే ఫీల్డ్ లేదండీ. "అవుట్‌పుట్" ఫీల్డులో ఉండేది అదే పాత టెక్స్ట్, రెజెక్స్ (టెక్స్ట్ వెతికే నమూనా) తప్పదు. పైథాన్ టెస్ట్ టూల్ పైటెస్ట్ ఇచ్చే జేయూనిట్ ఎక్స్ఎమ్ఎల్ రిపోర్టు ఇంకా ఘోరం. పైటెస్ట్ 6.0 నుంచి డిఫాల్టయిన ఎక్స్‌యూనిట్2 రూపంలో టెస్టుకు ఫైలు, లైన్ ఆట్రిబ్యూట్లే లేవు. పాత ఎక్స్‌యూనిట్1లో ఉన్నది టెస్ట్ ఫంక్షన్ మొదలైన లైను, ఫెయిలైన లైను కాదు. అదే పైటెస్ట్‌కు --టీబీ=షార్ట్ ఆప్షన్ పెట్టి, ఎర్రర్‌ఫార్మాట్‌లో "%ఎఫ్:%ఎల్: ఇన్ %ఎమ్" అని రాస్తే ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ దాకా వచ్చిన ఫంక్షన్ కాల్స్ వరస) మొత్తం జాబితాలోకి వస్తుంది.

గో_బెంచీ:
మొత్తం దేనికి? తర్వాతి ఎర్రర్‌కి వెళ్లే ":సీనెక్స్ట్" నొక్కుతూ కూర్చోవాలి. --టీబీ=లైన్‌తో ఫెయిల్యూర్‌కి ఒక్క లైనే.

పైథాన్_బెంచీ:
ఆ ఒక్క లైనూ ఎక్సెప్షన్ పుట్టిన చోటు. తప్పు డేటా వల్ల పైథాన్ జేసన్ మాడ్యూల్ లోపల పేలితే, మనల్ని దాని డీకోడర్ ఫైల్లో పడేస్తుంది. దిద్దాల్సిన మన కోడ్ పై ఫ్రేముల్లో (ట్రేస్‌బ్యాక్‌లోని ఒక్కో కాల్) ఎక్కడో ఉంటుంది. దాన్ని చూపించని జాబితా నాకెందుకు? ఫ్రేములు ఎక్కువైతే విమ్‌తోనే వచ్చే సీఫిల్టర్ ప్యాకేజీతో లైబ్రరీ లైన్లు తీసేయండి.

టెర్మినల్_వాసి:
అయితే గోకి మాత్రం చిన్న స్క్రిప్ట్ రాస్తాను. -జేసన్ చదివి, "గో లిస్ట్"తో ప్యాకేజీ డైరెక్టరీ కనుక్కుని, పూర్తి పాత్ అతికించి టెక్స్ట్‌గానే వదులుతుంది. విమ్ వైపు ఎర్రర్‌ఫార్మాటే ఉంటుంది.

గో_బెంచీ:
దానికి నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి చూసుకోండి. టెస్టిఫై (గో టెస్ట్ లైబ్రరీ) వాడితే లైన్ నంబరు పక్కన సందేశం ఖాళీ, అసలు సంగతి కింద "ఎర్రర్:" దగ్గర ఉంటుంది. పైగా ఒకేసారి నడిచే ప్యారలల్ టెస్టుల లైన్లు కలగాపులగంగా వస్తాయి. ముందు ప్యాకేజీ, టెస్ట్ పేర్లను బట్టి విడదీసి, తర్వాతే అతికించండి.