‘కాటనుం తం భగీరథం’: నుం సరా, నం సరా?

గౌతమి గట్టు: గోదావరిపై ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌ను స్మరించే శ్లోకం ఇది. ‘నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః, స్మరామ్యాంగ్లేయ దేశీయం...’ తర్వాత ‘కాటనుం తం’ అనా, ‘కాటనం తం’ అనా? రెండూ వినబడుతున్నాయి. పనిలో పని, ఇంగ్లీషులో కాటన్ అంటే పత్తి కదా, ఆ ఇంటిపేరులో పత్తి ఉందా?

గణవిభజన: ఛందస్సు దీన్ని తేల్చదు. నుం, నం రెండూ గురువులే. సరిచూడాల్సింది రెండో పాదం. చాలాచోట్ల ‘మహమతిః’ అని తిరుగుతోంది. ఈ శ్లోకపు ఛందస్సైన అనుష్టుప్పులో పాదంలోని ఆరో అక్షరం గురువు కావాలి, ‘హా’ దీర్ఘం లేకపోతే పాదం కుంటుతుంది. మీరు సరిగ్గానే రాశారు.

అజంత: తేల్చేది వ్యాకరణం. హలంతమైన, అంటే హల్లుతో ముగిసే, కాటన్‌కు తెలుగు నోట ఉకారం చేరి కాటను అయింది. ఉకారాంతం కాబట్టి గురుం, తరుం లాగే కాటనుం. శ్రీనాథుడు హర్మూజ్ రేవును ‘హురుముంజి’ చేసి ‘హురుముంజి బలుతేజి హరులు తెచ్చి’ అని సీసంలోకి దించలేదూ! అన్యదేశపు పేరుకు మన అచ్చు తగిలించాకే పద్యంలో చోటు.

గణవిభజన: హరవిలాసంలోని ఆ సీసం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. పంజార కర్పూరం, సింహళపు ఏనుగులు, చీనాంబరాలు, అన్నిటికీ ‘తెచ్చి’ ఒక్కటే తాళం.

ఊరూపేరూ: పత్తికీ ఈ ఇంటిపేరుకీ చుట్టరికం లేదు. పత్తి అనే అర్థమున్న ‘కాటన్’ మాట అరబ్బీ ‘కుతున్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు ఊరిది. పాత ఇంగ్లీషులో ‘కోట్’ గుడిసె, ‘కోటుమ్’ అంటే గుడిసెల దగ్గర. చివరి ‘ఉమ్’ అరిగి ‘అన్’ అయింది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని కోథమ్‌లో మాత్రం మకారం నిలిచింది. 1298లో మరణించిన నారిచ్ మఠ చరిత్రకారుడు బార్తలోమ్యూ ‘డి కాటన్’. ఆ ‘డి’ ఉంటే అది ఊరిపేరేనని గుర్తు.

గౌతమి గట్టు: అయితే ఆనాడు అరిగిపోయిన ‘ఉమ్’ శ్లోకంలో ‘నుం’గా తిరిగొచ్చిందన్నమాట!

అజంత: అది బహువచనం, చోటును చెప్పేది. ఇది ద్వితీయా ఏకవచనం, ‘కాటన్‌ను’ అని. పోలిక చెవికే.

రేవుదారి: న్యూటన్, హిల్టన్‌లలోలా ఇక్కడ కూడా ‘టన్’ ఊరేనని కొందరంటారు. గుడిసెల కాటన్‌లకు అది వర్తించదు, టకారం ‘కోట్’ది. సఫోక్‌లోని కాటన్ వేరు, అది కొడ్డ అనే మనిషి పేరుకు ‘టన్’ చేరి పుట్టిన ఊరు. అందుకే ఏ కాటన్ కుటుంబానికైనా ముందు కౌంటీ తేల్చుకోవాలి, ఆపైన ‘డి’ ఉన్న పాత పత్రాలు చూడాలి. స్పెల్లింగులో ‘టి’ ఒకటా రెండా అన్నది లెక్కలోకి రాదు, లేఖకులు రెండూ రాశారు.

ఊరూపేరూ: ఆ ‘ఉమ్’ రూపాలు పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్ నిండా ఉన్నాయి. మిగిలిన ఒక్క ప్రతినీ భద్రపరచింది రాబర్ట్ కాటన్ గ్రంథాలయమే. 1731 అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలాయి.

గణవిభజన: అజంతగారూ, మీ ఉకారాంతం ఒక్కటే దారి కాదు. ఋగ్వేదాన్ని ప్రచురించిన జర్మన్ పండితుడు మాక్స్‌ముల్లర్‌ను సంస్కృతంలో ‘మోక్షమూలర’ అన్నారు, శుద్ధ అకారాంతం. ఆక్స్‌ఫర్డ్ కూడా గోతీర్థం అయింది, ఎద్దులు దాటే రేవు కనుక. ఆ లెక్కన ‘కాటనం’ అన్నవాళ్లను తప్పుపట్టలేం.

అజంత: మోక్షమూలర అన్నది సంస్కృతంలోనే కల్పించిన పేరు. మన శ్లోకంలోని కాటను ముందు గోదావరి జిల్లాల నోట నలిగాకే సంస్కృతంలోకి వెళ్లాడు. నా పాఠం నుం.