లోపలి చెవిలో వోల్టేజీ పడితే కాల్షియం పెరుగుతుందా, కాల్షియం పెరిగితే వోల్టేజీ పడుతుందా?

చిన్నడాక్టర్:
గినీపందిలో ఎండోలింఫాటిక్ నాళం మూసేస్తే లోపలి చెవి గదుల్లో ఉండే ద్రవం, అంటే ఎండోలింఫ్, ఉబ్బుతుంది. తల తిరగడం, వినికిడి తగ్గడం ఉండే మెనియేర్స్ వ్యాధికి పాత నమూనా ఇదే. రోజులు గడిచేకొద్దీ ఆ ద్రవంలో కాల్షియం పెరుగుతుంది, +80 మిల్లీవోల్టుల పైన ఉండాల్సిన పొటెన్షియల్ (ఆ ద్రవంలోని వోల్టేజీ) తగ్గుతుంది. ఏది ముందు? వోల్టేజీయే అంటాను. అంత ప్లస్ ఉన్న చోట కాల్షియం అయాను నిలవలేదు, ప్లస్ తగ్గితే లోపలికి వచ్చేస్తుంది. ఆక్సిజన్ ఆపి చూడండి: నిమిషాల్లో పొటెన్షియల్ మైనస్‌లోకి దిగుతుంది, కాల్షియం లేస్తుంది. ఇంకేం రుజువు కావాలి?

కొలతలమాస్టారు:
డాక్టర్ గారూ, ఆక్సిజన్ ఆపితే వోల్టేజీ ఒక్కటే పోతుందా? కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అయిపోయి కాల్షియం పంపులూ ఆగిపోతాయి. అందులోంచి వోల్టేజీ పాత్ర విడదీయలేం. లెక్క కట్టి చూడండి. ఎండోలింఫ్ చుట్టూ ఉండే ద్రవం పెరిలింఫ్‌లో కాల్షియం సుమారు 1.2 మిల్లీమోలార్, అంటే 1200 మైక్రోమోలార్. రెండు చార్జీలున్న అయాను కాబట్టి, శరీర వేడిమిలో ప్రతి 31 మిల్లీవోల్టులకీ గాఢత పదో వంతుకి పడాలి. +85 దగ్గర వోల్టేజీదే పెత్తనమైతే మిగిలేది 2 మైక్రోమోలార్. వినికిడి భాగమైన కాక్లియాలో కొలిస్తే 20 దాకా ఉంది. పదింతలు! అంటే కాల్షియంని ఎండోలింఫ్ లోపలికి తోసే పంపు ఉంది. శబ్దాన్ని పట్టే రోమకణాల మీది పీఎంసీఏ2 అనే కాల్షియం పంపు చెడిన ఎలుకల్లో ఎండోలింఫ్ కాల్షియం బాగా పడిపోయింది, అవి చెవిటివి కూడా.

పార్వతీపురం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అమ్మకి మెనియేర్స్, కాల్షియం మాత్రలు వేసుకుంటోంది. ఆపించాలా?

చిన్నడాక్టర్:
ఈ చర్చ చూసి ఆపించకండమ్మా. రక్తంలో కాల్షియంని పారాథైరాయిడ్ చూసుకుంటుంది, ఎండోలింఫ్‌లోది అక్కడి కణాలే వేరేగా చూసుకుంటాయి. మాత్రల సంగతి ఆవిడ డాక్టర్‌నే అడగండి.
మాస్టారూ, శరీర సమతూకం చూసే యూట్రికల్ అనే భాగం చూడండి. అదే చెవి, పొటెన్షియల్ నాలుగైదు మిల్లీవోల్టులే, కాల్షియం 280 మైక్రోమోలార్. వోల్టేజీ లేని చోటే కాల్షియం ఎక్కువ!

కొలతలమాస్టారు:
అక్కడా లెక్క కట్టండి. 4 మిల్లీవోల్టులకి దాదాపు 900 ఉండాలి, ఉన్నది 280. కాక్లియాలో లోపలికి తోస్తుంటే ఇక్కడ బయటికి తోడుతున్నారు. వోల్టేజీ వాటం చూపిస్తుందేమో గానీ, అంకె నిలబెట్టేది కణాలే.

ఆడియాలజీ_విశాఖ:
ఎండోలింఫ్‌లోకి బైకార్బొనేట్ చేర్చే ప్రోటీన్ పెండ్రిన్ లేని ఎలుకల్ని మర్చిపోయారు. అది చేరక ఎండోలింఫ్‌లో ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లానికి కాల్షియంని కణాల్లోకి తీసుకునే టీఆర్‌పీవీ5, టీఆర్‌పీవీ6 చానళ్లు మందగించి, కాల్షియం తోడివేత తగ్గుతుంది. పొటెన్షియల్ పోవడానికి కారణం వేరు: ఆ పొటెన్షియల్‌ని పుట్టించే కాక్లియా గోడ పొర స్ట్రయా వాస్క్యులారిస్‌లో కేఐఆర్4.1 అనే పొటాషియం చానల్ కనబడదు. రెండు దెబ్బలూ వేర్వేరు దారుల్లో వచ్చాయి. అందుకే రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అనలేం.

చిన్నడాక్టర్:
పుట్టుకతో వచ్చిన లోపాన్ని ముదిరిన వయసులో ఉబ్బిన చెవితో పోల్చలేమండీ. నాళం మూసిన జంతువులో బయటి నుంచి కరెంటు ఇచ్చి, పొటెన్షియల్‌ని మళ్లీ +80 దగ్గర నిలబెట్టాలి. కాల్షియం దిగితే నా మాట నెగ్గినట్టు.

కొలతలమాస్టారు:
ఒప్పుకుంటాను, పంపులు ఆపే మందు మాత్రం అందులో కలపకూడదు.