తేటగీతి మూడో పాదంలో యతి కుదరడం లేదు, సూచన కావాలి

సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, పదవీ విరమణ చేసిన మా తెలుగు మాస్టారికి పూర్వ విద్యార్థులమందరం కలిసి సన్మానపత్రం సమర్పించదలచుకున్నాము. అందులో ఒక తేటగీతి (నాలుగు పాదాల ఛందోబద్ధ పద్యం) రాసే బాధ్యత నాకు అప్పగించారు. మాకు ఛందస్సు నేర్పినది ఆయనే. యతి (పాదం మొదటి అక్షరానికి, అదే పాదంలో నిర్ణీత స్థానంలోని అక్షరానికి ఉండాల్సిన పొందిక) తప్పిన చోట సుద్దముక్కతో బల్లపై ఒక్కసారి తట్టి ఊరుకునేవారు కనుక, తప్పున్న పద్యాన్ని ఆయన చేతికివ్వడానికి మనసొప్పడం లేదు.

మొదటి రెండు పాదాలు ఇవి:

అక్షరమ్ములు దిద్దించి యాదరించి
బ్రతుకు బాటను చూపిన పంతులయ్య

నాలుగో పాదం కుదిరింది. చిక్కంతా మూడో పాదంలోనే ఉంది:

తప్పు చేసిన నవ్వుచు దిద్దినారు

ఒక సూర్యగణం (ఒక గురువు, ఒక లఘువు గానీ మూడు లఘువులు గానీ ఉండే అక్షరాల గుంపు), రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు సరిగానే పడ్డాయి గానీ, నాలుగో గణం మొదటి అక్షరమైన "ది"కి పాదం మొదటి "త"తో హల్లుమైత్రి ఉన్నా అచ్చుమైత్రి లేదు. "దిద్దినారు" బదులు "దారి చూపి" అంటే యతి కుదురుతుంది, కానీ రెండో పాదంలోని మాటే మళ్ళీ వస్తుంది. పైగా మా కాపీ పుస్తకాల్లో ఎర్రసిరాతో దిద్దిన ఆ చేతిని పద్యంలోంచి తీసేయడం నాకు ఇష్టం లేదు. ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు వాటి తర్వాతి అక్షరాలు కలవడం) కోసం "ఒప్పు జేసి" అని మార్చి చూస్తే మరీ కృతకంగా ఉంది. "తప్పు" స్థానంలో "తెలియక" పెడితే అర్థమూ యతీ రెండూ కుదిరాయి, అయితే నాలుగు లఘువులై సూర్యగణంలో ఇమడలేదు.

"దిద్దినారు"ను కదపకుండా, "తప్పు" స్థానంలో తి, తె, ది, దె వంటి అక్షరంతో మొదలై అదే అర్థాన్నిచ్చే సూర్యగణపు మాట ఏదైనా సూచించగలరా?