మా ఊరి వీరగల్లు ఊళ్లోనే ఉండాలా, మ్యూజియానికి పోవాలా?

పెన్నగట్టు:
జమ్మలమడుగు పక్కన మా ఊరి చెరువు కట్ట మీద ఒక రాయి ఉంది. చిన్నప్పటి నుంచి పొలిమేర రాయే అనుకున్నా. మొన్న ఆదివారం బండి ఆపి మొదటిసారి దగ్గరికి పోయి చూశా. అడుగు వరసలో కత్తి ఎత్తిన మనిషి, వెనక ఆవులు. మధ్య వరసలో ఇద్దరు అప్సరసలు అతన్ని చెరో పక్క పట్టుకుని పైకి తీసుకుపోతున్నారు. పైన శివలింగం, నంది, సూర్యచంద్రులు. అది వీరగల్లు, అంటే పోరాడి చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. ఊరి పశువులను తోలుకుపోతుంటే అడ్డం పడి ప్రాణం వదిలినోడు. ఇంటికి అర కిలోమీటరు కూడా లేదు. ఇన్నేళ్లు చూడనందుకు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తారంట. కడప మ్యూజియానికి ఇచ్చేద్దామని కొందరు, కదిలించొద్దని కొందరు. మీరేమంటారు?

సీమరాళ్లు:
ఇచ్చేయండన్నా. గుప్తనిధులని రాయి కింద తవ్వి పగలగొట్టిన చోటు నేను కళ్లారా చూశా. కడపలోని భగవాన్ మహావీర్ మ్యూజియంలో అయితే కప్పు కింద ఉంటుంది, బడిపిల్లలు చూస్తారు. పండగ పండక్కీ సున్నం కొట్టి అక్షరాలు పూడ్చేది కూడా ఊరోళ్లే కదా!

జేజిమాట:
సున్నం సంగతి నిజమే. కానీ రాయిని పంపడానికి నేను ఒప్పుకోను. మా ఊళ్లోనూ ఇట్లాంటిదే ఉంది. మా జేజి ఉగాదికి దానికి నీళ్లు పోసి పసుపు పూసేది. ఎవరే అంటే, "మన గొడ్లను కాపాడినోడు" అనేది. పేరు ఎప్పుడో పోయింది, చేసిన పని మాత్రం ఆమె నోట్లో మిగిలింది. మ్యూజియం గోడకు ఆనిస్తే అది ఇంకో శిల్పం, అంతే. అక్కడ నీళ్లు పోసేదెవరు?

పెన్నగట్టు:
సీమరాళ్లు అన్నా, మీ భయం నాకూ ఉంది, కానీ జేజి మాటే నన్ను పట్టింది. రోడ్డు తప్పదంటే ఆ కట్ట మీదనే పది అడుగులు లోపలికి జరిపి, సిమెంటు దిమ్మె కట్టి, పైన రేకు వేయిద్దాం. సున్నాన్ని మాత్రం ఎవరూ ఉలితో గీకొద్దు, అక్షరాలు కూడా లేచిపోతాయి. నిన్న సాయంత్రం ఏటవాలు ఎండలో వేలితో తడిమితే సున్నం కింద మూడు వరసలు తగిలాయి. పురావస్తు శాఖ వాళ్లు సున్నం తీయించి, తడి కాగితం పరిచి బ్రష్‌తో కొట్టి సిరా అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. ఆయన పేరు అందులో ఉందేమో.

సోమవారం పంచాయతీలో అర్జీ ఇస్తున్నా. సంతకం చేసేవాళ్లు పొద్దున పదికి కట్ట దగ్గరికి రండి.